వ్యాస పూర్ణిమ నాడు గురుపూజ ఎలా చేయాలి: ఇంటి పీట నుంచి మఠం గడప దాకా

ఆషాఢ శుద్ధ పూర్ణిమను మనం వ్యాస పూర్ణిమ అనీ, గురు పూర్ణిమ అనీ పిలుచుకుంటాము. వేదరాశిని నాలుగుగా విభజించి పైలుడికి ఋగ్వేదాన్ని, వైశంపాయనుడికి యజుర్వేదాన్ని, జైమినికి సామవేదాన్ని, సుమంతుడికి అథర్వవేదాన్ని అప్పగించిన కృష్ణద్వైపాయనుడు పుట్టిన తిథి ఇదేనని సంప్రదాయం చెబుతుంది. ఆ రోజున గురువుకు ఏమి చేయాలని ఎవరినైనా అడిగితే పాదపూజ చేయాలంటారు, లేదా దండ వేసి దక్షిణ ఇవ్వాలంటారు. భగవద్గీత నాలుగో అధ్యాయం 34వ శ్లోకంలో మాత్రం మూడు పనులున్నాయి: ప్రణిపాతం, పరిప్రశ్నం, సేవ. అంటే నమస్కరించడం, అడగడం, సేవ చేయడం. వీటిలో మొదటిదాన్ని మనం ఘనంగానే చేస్తాము, మూడోదాన్ని డబ్బుతో సరిపెడతాము, నడిమిదాన్ని దాదాపుగా మరిచిపోయాము. పూజావిధానాన్ని ఇక్కడ వివరంగానే చెబుతాను గాని, ఆ మరిచిపోయిన దానికి కూడా ఆ రోజులో కొంత సమయం ఉంచుకోవాలని ముందే మనవి చేస్తున్నాను.

ముందు తిథి, ఆ తరువాత గురువు

క్యాలెండరులో ఎర్ర అక్షరం చూసి ఊరుకోకుండా పంచాంగం తెరవండి. ఈ పూర్ణిమ 2025లో జూలై 10న, అదీ గురువారం నాడు వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం పడినందువల్ల జూలై 29, బుధవారానికి జరిగింది. ఈ తేడా వల్ల సంకల్పం, అంటే పూజ మొదట్లో దేశకాలాలు చెప్పుకునే వాక్యం కూడా మారుతుంది. సూర్యుడు కర్కాటక రాశిలో అడుగుపెట్టి దక్షిణాయనం మొదలయ్యే కర్కాటక సంక్రమణం జూలై 16 ప్రాంతంలో వస్తుంది కాబట్టి, పూర్ణిమ దానికి ముందు వచ్చిన ఏడాది ‘ఉత్తరాయణే’ అనీ, తరువాత వచ్చిన ఏడాది ‘దక్షిణాయనే’ అనీ చెప్పాలి. అచ్చు పుస్తకంలో ఒకటే ఉంటుంది, మనం దాన్నే ఏటా చదివేస్తుంటాము. విదేశాల్లో ఉన్నవారు తమ ఊరి సూర్యోదయానికి గణించిన పంచాంగాన్నే చూసుకోవాలి. అమెరికాలో తిథి ఒక్కోసారి మనకంటే ఒక రోజు ముందే వచ్చేస్తుంది. మీకు ఒక మఠంతో అనుబంధం ఉంటే ఆ మఠం ప్రకటించిన రోజే మీకు ప్రమాణం, పక్కింటివారితో పోల్చుకోనక్కరలేదు.

ఎవరిని పూజించాలన్నది రెండో ప్రశ్న. మంత్రోపదేశం చేసిన గురువు ఉన్నవారికి ఇందులో సందేహమే లేదు. స్మార్త కుటుంబాలలో పుట్టి ఉపదేశం పొందనివారు వ్యాసుణ్ణి, శంకరులను పీట మీద ఉంచి ‘సదాశివ సమారంభాం’ అన్న శ్లోకంతో పరంపర మొత్తానికి నమస్కరిస్తారు. శ్రీవైష్ణవుల ఇళ్ళలో అదే భావం ‘లక్ష్మీనాథ సమారంభాం నాథయామున మధ్యమాం’ అని మొదలవుతుంది. వారికి ఈ పూర్ణిమ కంటే తమ ఆచార్యుల తిరునక్షత్రమే, అంటే జన్మనక్షత్రమే ముఖ్యమైన రోజు. మాధ్వులు మంత్రాలయ రాఘవేంద్రస్వామి వంటి గురువులకు ప్రత్యేకించి ఆరాధన రోజులు పాటిస్తారు. రాఘవేంద్రులు 1671లో బృందావన ప్రవేశం చేసిన, అంటే సజీవసమాధి పొందిన శ్రావణ బహుళ విదియ అందులో ప్రధానమైనది. పిఠాపురం శ్రీపాద శ్రీవల్లభులను కొలిచే దత్త భక్తులకు, సాయి భక్తులకు వ్యాస పూర్ణిమే పెద్ద పండుగ. ఏ పరంపరా తెలియనివారు దక్షిణామూర్తిని గాని, ‘కృష్ణం వందే జగద్గురుమ్’ అని కృష్ణుణ్ణి గాని పెట్టుకుంటే లోటేమీ లేదు. గురువు దొరకలేదన్న దిగులుతో పూర్ణిమ ముందు వారం రోజులలో ఎవరో ఒకరిని వెతికి పట్టుకోవడం మాత్రం వద్దు. ముండకోపనిషత్తు గురువుకు రెండు లక్షణాలు చెప్పింది. ఆయన శ్రోత్రియుడై ఉండాలి, అంటే శాస్త్రం చదువుకున్నవాడై ఉండాలి. బ్రహ్మనిష్ఠుడై ఉండాలి, అంటే చదివినదానిలో నిలిచినవాడై ఉండాలి. ఈ రెంటినీ వారం రోజుల్లో తేల్చుకోవడం ఎవరివల్లా కాదు.

పీట సిద్ధం చేసుకోవడం

ముందురోజు సాయంత్రమే ఈశాన్య మూలనో, మీ పూజగదిలోనో ఒక చోటు కడిగి, పీట వేసి, పసుపు రాసి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టుకోండి. తూర్పు ముఖంగా కూర్చోవడానికి వీలుంటే మంచిది, లేకపోతే ఉత్తరం వైపు. సామాను పెద్దగా అక్కరలేదు. ఒక కొత్త తుండుగుడ్డ లేదా ఉత్తరీయం, కిలోంబావు బియ్యం, మచ్చలేని నిమ్మపళ్ళు ఐదు, పసుపు, కుంకుమ, గంధం, అక్షతలు, తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, ఒక కొబ్బరికాయ, తులసి, తెల్లని పూలు, పంచపాత్ర ఉద్ధరిణి, గంట, ఆవునేతి దీపం, అగరువత్తులు, కర్పూరం ఉంటే చాలు. అక్షతలకు విరగని గింజలు ఏరి, పసుపు, ఒక చుక్క నెయ్యి వేసి కలపండి. నూకలతో అక్షతలు కలపకూడదు. ‘అక్షతం’ అన్న మాటకు అర్థమే విరగనిది అని.

బియ్యం, నిమ్మపళ్ళు ఎందుకన్న సందేహం రావచ్చు. వానకాలంలో ఒకే చోట ఉండే చాతుర్మాస్య దీక్ష పట్టే యతులు, అంటే సన్న్యాసులు, ఈ రోజున వ్యాసపూజ చేసేటప్పుడు అక్షతల రాశుల మీద నిమ్మపళ్ళు ఉంచి, ఒక్కొక్క పండులో ఒక్కొక్క గురువును ఆవాహన చేస్తారు. గురువులను ఐదుగురేసి చొప్పున పంచకాలుగా కొలుస్తారు. కృష్ణ పంచకంలో కృష్ణ, వాసుదేవ, సంకర్షణ, ప్రద్యుమ్న, అనిరుద్ధులు ఉంటారు. వ్యాస పంచకంలో వ్యాసుడు, ఆయన నలుగురు శిష్యులు ఉంటారు. భగవత్పాద పంచకంలో శంకరులు, పద్మపాదులు, సురేశ్వరులు, హస్తామలకులు, తోటకులు ఉంటారు. ఇంట్లో మనకు అంత విస్తారం అక్కరలేదు. పీట మీద కొత్త వస్త్రం పరిచి, దాని మీద బియ్యం పోసి చేత్తో సమం చేసి, నడుమ ఒకటి, నాలుగు దిక్కులా నాలుగు నిమ్మపళ్ళు పెట్టి, నడిమి పండులో వ్యాసుణ్ణి గాని శంకరులను గాని, చుట్టూ ఉన్నవాటిలో వారి శిష్యులను భావించుకుంటే ఒక పంచకం పూర్తవుతుంది. గురువుతోపాటు శిష్యులకూ పూజ అందడం నాకు ఈ క్రతువులో అన్నిటికంటే నచ్చిన సంగతి. చెప్పేవాడు ఒక్కడే ఉండి వినేవాడు లేకపోతే పరంపర అన్నది ఉండదు కదా.

పటం ఉంటే బియ్యం వెనక నిలబెట్టండి. పాదుకలు ఉంటే బియ్యానికి ముందు చిన్న పళ్ళెంలో ఉంచండి. పాదుకలు ఉన్నవారికి నా అనుభవం నుంచి ఒక హెచ్చరిక. మా ఇంట్లో మొదటిసారి పాదుకాపూజ చేసినప్పుడు ఉత్సాహం కొద్దీ చెక్క పాదుకలకు పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార అన్నీ పోసి అభిషేకం చేశాము. పైపైన తుడిచి పెట్టాము గాని, బొటనవేలు పట్టుకునే గుబ్బ చుట్టూ ఉన్న సన్నని చీలికలో తేనె నిలిచిపోయింది. తెల్లవారి చూస్తే పీట నిండా ఎర్రచీమలు, పాదుకల మీద అంతకన్నా ఎక్కువ. తడి లోపలికి ఇంకి, నెల తిరిగేసరికి ఒక పాదుక మడమ దగ్గర పగిలింది. అందుచేత అభిషేకం వెండి, ఇత్తడి, పంచలోహ పాదుకలకే చేయండి. చెక్కవైతే ఉద్ధరిణితో ఒక్క చెంచా నీరు చూపించి పళ్ళెంలో వదిలి, తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి, గంధం బొట్టు పెడితే చాలు.

పూజ నడిపించే క్రమం

ఉదయం తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, దీపం వెలిగించి కూర్చోండి. ఆచమనం, ప్రాణాయామం అయ్యాక సంకల్పం చెప్పుకోవాలి. సంకల్పంలో మీరు ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు ఈ పని చేస్తున్నారో చెబుతారు, కనుక దీన్ని గబగబా గొణగకుండా అర్థం తెలిసి పలకండి. తెలుగువారికి దేశానికి గుర్తు శ్రీశైలం. హైదరాబాదులో ఉన్నవారు ‘శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే’ అంటారు. విజయవాడ వైపు వారికి దిక్కు ఈశాన్యమవుతుంది. ఇతర దేశాలలో ఉన్నవారు అక్కడి ఆలయ పురోహితులు చెప్పే ప్రదేశవాక్యాన్ని రాసిపెట్టుకోండి. కాలం చెప్పేచోట 2026కైతే ‘పరాభవ నామ సంవత్సరే, దక్షిణాయనే, గ్రీష్మ ఋతౌ, ఆషాఢ మాసే, శుక్ల పక్షే, పౌర్ణమాస్యాం తిథౌ’ అని వస్తుంది. బయట వాన పడుతున్నా ఆషాఢం గ్రీష్మంలోని మాసమే కాబట్టి ‘వర్ష ఋతౌ’ అనకండి. చివర మీ గోత్రనామాలు చెప్పి, ‘గురుమండల దేవతా ప్రీత్యర్థం, యావచ్ఛక్తి ధ్యానావాహనాది షోడశోపచార పూజాం కరిష్యే’ అని నీళ్ళు వదలండి.

పసుపుతో చిన్న గణపతిని చేసి, తమలపాకు మీద ఉంచి పూజించి, బెల్లం ముక్క నైవేద్యం పెట్టాక కలశపూజ చేసుకుని అసలు పూజకు రావాలి. ముందు ధ్యానం. వ్యాసుడికి ‘వ్యాసం వసిష్ఠ నప్తారం శక్తేః పౌత్రమకల్మషం, పరాశరాత్మజం వందే శుకతాతం తపోనిధిం’ అన్న శ్లోకం అందరికీ నోటికి వచ్చేదే. వసిష్ఠుడి మునిమనవడు, శక్తి మనవడు, పరాశరుడి కొడుకు, శుకుడి తండ్రి అని ఐదు తరాలు ఒక్క శ్లోకంలో ఇమిడి ఉన్నాయి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ వరుస చెప్పండి. శంకరులకైతే ‘శ్రుతి స్మృతి పురాణానాం ఆలయం కరుణాలయం’ చదవండి. మీ సొంత గురువుకు ధ్యానశ్లోకం ఉంటే అదే ముందు చదవాలి. లేకపోతే ‘గురుర్బ్రహ్మా గురుర్విష్ణుః’ సరిపోతుంది.

ఆవాహనం, ఆసనం, పాద్యం, అర్ఘ్యం, ఆచమనీయం వరుసగా సాగుతాయి. ప్రతి ఉపచారానికి ‘ఓం శ్రీ గురుభ్యో నమః’ అని, ఆ ఉపచారం పేరు చెప్పి ‘సమర్పయామి’ అనాలి. పటానికి నీళ్ళు చల్లకుండా పువ్వు కొనతో నీటిని చూపించి పళ్ళెంలో వదలండి. స్నానం తరువాత వస్త్రం, యజ్ఞోపవీతం వస్తాయి. ఇక్కడ ఒక చిన్న సూక్ష్మం ఉంది. వ్యాసుడికి యజ్ఞోపవీతం సమర్పించవచ్చు. శంకరుల వంటి ఏకదండి యతులు, అంటే ఒకే కర్ర దండంగా పట్టేవారు, శిఖను, యజ్ఞోపవీతాన్ని విడిచినవారు గనుక వారికి ఆ స్థానంలో అక్షతలు సమర్పించడం ఉచితం. శ్రీవైష్ణవ యతులు మూడు కర్రలు కలిపి కట్టిన దండం పట్టే త్రిదండులు, శిఖాయజ్ఞోపవీతాలు ధరించినవారు, అందుచేత రామానుజులకు ఈ అభ్యంతరం లేదు. గంధం, అక్షతలు, పూలు అయ్యాక అష్టోత్తర శతనామావళి చదవాలి. మీ గురువుకు నామావళి లేకపోతే ‘ఓం శ్రీ గురుభ్యో నమః’ అని నూట ఎనిమిది సార్లు అంటూ ఒక్కొక్క తులసిదళమో, అక్షతో వేయండి. ధూపదీపాలు, నైవేద్యం, తాంబూలం, నీరాజనం, మంత్రపుష్పం, ప్రదక్షిణ నమస్కారాలు మామూలు పూజలాగే చేసుకోవచ్చు. నైవేద్యానికి పరమాన్నమో, దద్ధ్యోదనమో, ఉల్లి వెల్లుల్లి లేని వంట ఏదైనా పెట్టండి. స్తోత్రం చదివే అలవాటుంటే ఈ రోజు తోటకాష్టకం చదవడం బాగుంటుంది. సేవ చేస్తూ చదువులో వెనకబడ్డాడని తోటివారు అనుకున్న శిష్యుడు గురువు మీద చెప్పిన స్తోత్రమది. దత్త భక్తుల గ్రంథమైన గురుచరిత్రను ఏడు రోజులలో పారాయణ చేసే సప్తాహం పెట్టుకునేవారు ఏడో రోజు పూర్ణిమ అయ్యేటట్టు లెక్క చూసుకుని ముందే మొదలుపెట్టాలి.

గురువు గడపకు

మధ్యాహ్నానికో, సాయంత్రానికో గురుదర్శనానికి బయలుదేరతారు. యతులు ఈ పూర్ణిమ నుంచి చాతుర్మాస్యం పేరిట ఒకే చోట ఉండిపోతారు. వానకాలంలో నేల మీద పుట్టే పురుగూ పుట్రా కాళ్ళ కింద పడి చావకూడదన్నది దాని వెనక ఉన్న కారణం. ‘పక్షమే మాసం’ అన్న లెక్కతో నాలుగు పక్షాలు, అంటే భాద్రపద పూర్ణిమ దాకా ఈ దీక్ష ఉంటుంది. కాబట్టి పూర్ణిమ నాటి రద్దీలో తోసుకోవడానికి ఇష్టపడనివారు ఈ రెండు నెలలలో ఎప్పుడైనా వెళ్ళి, ఇంకా తీరికగా దర్శనం చేసుకోవచ్చు. నిజానికి ప్రశ్న అడగదలచినవారు పూర్ణిమ నాడు వెళ్ళకపోవడమే మేలు.

చేతులు ఊపుకుంటూ వెళ్ళకండి. ఉపనిషత్తులలో శిష్యుడు ‘సమిత్పాణి’గా, అంటే చేతిలో సమిధలతో వెళ్ళేవాడు. గురువు ఇంటి అగ్నికి ఉపయోగపడే వస్తువు అది. ఇప్పుడు దాని స్థానంలో పండ్లు వచ్చాయి. పండ్ల మీద అంటించిన స్టిక్కర్లను ఇంటి దగ్గరే తీసేసి, ప్లాస్టిక్ సంచిలోంచి పళ్ళెంలోకి సర్దుకోండి. గురువు ఎదుట నిలబడి సంచి ముడి విప్పుతూ తంటాలు పడే దృశ్యం ప్రతి ఏడూ కనిపిస్తుంది. మఠం వంటశాలకు కూరగాయలు పంపాలనుకునేవారు తప్పక ఫోన్ చేసి అడగండి. ఒకే చోట ఉండడం రెండు నెలలే అయినా, చాతుర్మాస్య వ్రతంలోని ఆహార నియమం నాలుగు నెలలు సాగుతుంది: మొదటి నెల శాకాలు, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పుధాన్యాలు విడిచిపెడతారు; మీరు ప్రేమతో పంపిన వంకాయల బుట్ట సరిగ్గా శాకవ్రతం రోజులలో వెళితే దాన్ని ఏం చేయాలో వారికి తోచదు. చాలా మఠాలలో మగవారికి పంచె, ఉత్తరీయం, ఆడవారికి చీర తప్పనిసరి, కొన్నిచోట్ల పాదపూజకు కూర్చునేవారు చొక్కా తీసేయాలి.

నమస్కారంలో మగవారు సాష్టాంగంగా, ఆడవారు మోకాళ్ళ మీద వంగి పంచాంగంగా చేయడం ఆచారం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు నిలబడి చేతులు జోడిస్తే చాలు. వారిని బలవంతంగా వంచే బంధువులు తగ్గితే బాగుండును. గృహస్థుడైన గురువుకు ఉపనయనమైనవారు చెవులు పట్టుకుని ‘చతుస్సాగర పర్యంతం గోబ్రాహ్మణేభ్యః శుభం భవతు’ అంటూ గోత్రప్రవరలతో అభివాదనం చెప్పుకుంటారు. సన్న్యాసికి మాత్రం ప్రవర చెప్పకూడదు. ఆయన తన గోత్రనామాలను వదిలేసినవాడు, మన గోత్రనామాలతో ఆయనకు పనిలేదు. ‘ఓం నమో నారాయణాయ’ అని నమస్కరించండి, ఆయన ‘నారాయణ’ అంటారు, అదే ఆశీర్వచనం. అనుమతి లేకుండా పాదాలు ముట్టుకోకండి. దండ నేరుగా మెడలో వేయబోకుండా పళ్ళెంలో ఉంచి అందించండి, దగ్గరున్న శిష్యులు చూసుకుంటారు. తీర్థం తీసుకునేటప్పుడు కుడిచేతి కింద ఉత్తరీయపు కొంగునో, చీర చెంగునో పట్టుకోండి. మంత్రాక్షతలు ఇస్తే అక్కడికక్కడే తల మీద చల్లుకుని మిగతావి కొంగున ముడివేసుకోండి. ఫోన్ తీసి ఫొటో అడగడం గురించి ప్రత్యేకించి చెప్పాలా? చెప్పకుండా ఉండలేను: అడగకండి.

పరిప్రశ్నం

ఇక మనం మరిచిపోయిన విషయానికి వద్దాము. ప్రశ్నోపనిషత్తులో సుకేశుడు, సత్యకాముడు మొదలైన ఆరుగురు సమిధలు పట్టుకుని పిప్పలాదుడి దగ్గరకు వెళతారు. ఆయన వెంటనే బోధ మొదలుపెట్టడు. ఇంకొక ఏడాది తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఇక్కడ ఉండండి, ఆ తరువాత మీకు కావలసిన ప్రశ్నలు అడగండి, మాకు తెలిస్తే అంతా చెబుతాము అంటాడు. ‘మాకు తెలిస్తే’ అన్న మాటను గమనించండి. ఏడాది తరువాత ఆరుగురూ తలా ఒక ప్రశ్న అడుగుతారు. ఆ ఆరు ప్రశ్నలు, ఆరు జవాబులు కలిపితే ఒక ఉపనిషత్తు అయింది. గురువుకు వారు ఇచ్చిన అసలైన గౌరవం ఆ ప్రశ్నలేనని నేననుకుంటాను.

ప్రశ్న తయారు చేసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. పూర్ణిమకు పది రోజుల ముందు నుంచి ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని, మీ జపంలోనో, పారాయణలోనో, చదువుతున్న గ్రంథంలోనో ఎక్కడ ఆగిపోతున్నారో ఆ రోజుకారోజు రాసుకోండి. పదో రోజున అన్నీ చదివి, పుస్తకం చూస్తే జవాబు దొరికేవి కొట్టేయండి. ఉద్యోగం, పెళ్ళి, వీసా వంటివి పక్కన పెట్టండి. అవి చిన్నవని కాదు, వాటికి ఆశీర్వాదం చాలు, ప్రశ్న అక్కరలేదు. మిగిలినవాటిలో ఒక్కటి ఎంచుకుని రెండు వాక్యాలకు కుదించండి. ‘మనసు నిలవడం లేదు, ఏం చేయాలి’ అన్నది ప్రశ్న కాదు, ఎవరైనా అనే మాట. ‘ఉదయం జపంలో మొదటి మాల సాఫీగా సాగుతోంది, రెండో మాలలో సంఖ్య తప్పుతోంది, సంఖ్య వదిలేసి సమయం పెట్టుకోవచ్చా’ అన్నది ప్రశ్న. అలా అడిగితే గురువుకు మీరు పని చేస్తున్నారని తెలుస్తుంది, జవాబు కూడా మీకు సరిపడేదే వస్తుంది. జవాబు విన్నాక వాదించకండి, అర్థం కాకపోతే మాత్రం మరొకసారి అడగడానికి సిగ్గుపడకండి. ఇంటికి వచ్చిన రోజే దాన్ని మీ మాటలలో కాకుండా ఆయన మాటలలో తేదీ వేసి రాసుకోండి.

ప్రశ్న అడిగితే కోపగించుకునే గురువు ఎదురైతే ఏం చేయాలని కొందరు అడుగుతారు. తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించి ఇంటికి వెళ్ళే శిష్యుడికి ‘ఆచార్యదేవో భవ’ అని చెప్పిన ఆచార్యుడే, ఆ వెనువెంటనే ‘యాన్యస్మాకం సుచరితాని, తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి’ అని కూడా చెప్పాడు. మాలో మంచి నడవడి ఏదుందో దాన్నే నువ్వు అనుసరించు, మిగతాదాన్ని వద్దు అని దాని అర్థం. మొదటి వాక్యం గోడల మీద రాసి ఉంటుంది, రెండోదాన్ని రాసిన గోడ నాకు ఇంతవరకు కనిపించలేదు. గురువును దేవుడిగా చూడమన్న నోటితోనే మీ వివేకాన్ని మీ దగ్గరే ఉంచుకోమన్నారు కాబట్టి, ధర్మానికి విరుద్ధమైన మాట విన్నప్పుడు నమస్కరించి లేచి రావడం గురుద్రోహం కాదు.

దక్షిణ, సేవ

దక్షిణ ఎంత ఇవ్వాలన్న దానికి ఆ తైత్తిరీయోపనిషత్తులోనే కొలత ఉంది: శ్రద్ధతో ఇవ్వు, అశ్రద్ధతో ఇవ్వకు, సంపదకు తగ్గట్టు ఇవ్వు, సిగ్గుతో ఇవ్వు, భయంతో ఇవ్వు, తెలిసి ఇవ్వు. మన ఇళ్ళలో నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు అన్న లెక్క ఉంది. దాన్ని తాంబూలంలో పెట్టి, పండుతో కలిపి పళ్ళెంలో సమర్పించండి. సన్న్యాసి చేతిలో డబ్బు పెట్టకూడదు. మఠానికి ఇవ్వదలచింది కార్యాలయంలో కట్టి రసీదు తీసుకోండి. అప్పు చేసి గాని, ఇంట్లోవారికి చెప్పకుండా గాని ఇవ్వకండి. బృహదారణ్యకోపనిషత్తులో జనకుడు వెయ్యి ఆవులను ఇస్తానంటే, శిష్యుడికి పూర్తిగా బోధించకుండా తీసుకోకూడదన్నది తన తండ్రి అభిప్రాయమని యాజ్ఞవల్క్యుడు పదే పదే నిరాకరిస్తాడు. ముందే రేటు చెప్పి తీసుకునేవారిని చూసినప్పుడు నాకు ఈ ఘట్టమే గుర్తుకు వస్తుంది.

సేవకు డబ్బు ప్రత్యామ్నాయం కాదు. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకామ జాబాలుడికి (ఇతడు ప్రశ్నోపనిషత్తు సత్యకాముడు కాడు) గురువు గౌతముడు నాలుగు వందల బక్క ఆవులను అప్పగిస్తే, అవి వెయ్యి అయ్యేదాకా అతడు అడవిలోనే ఉండి కాశాడు. ఇప్పుడు మఠాలలో గోశాల ఊడ్చేవారు, విస్తళ్ళు ఎత్తేవారు, పాత తాళపత్రాలను, పుస్తకాలను దుమ్ము దులిపి వరుసగా పెట్టేవారు కావాలి. పూర్ణిమ నాడు వడ్డనకు వందమంది ముందుకు వస్తారు, మర్నాడు ఉదయం గిన్నెలు తోమడానికి నలుగురు కూడా ఉండరు. మీరు ఆ మర్నాటికి పేరు ఇవ్వండి. మీకు అక్షరాలు దిద్దించిన మాస్టారో, సంగీతం చెప్పిన టీచరుగారో ఊళ్ళోనే ఉంటే, ఆ సాయంత్రం వారింటికి కూడా వెళ్ళండి. బట్టలు పెట్టి నమస్కరించి, కూర్చుని, వారు చెప్పే పాత కబుర్లు గడియారం చూడకుండా వినండి. మందులు తెచ్చిపెట్టడం, కరెంటు బిల్లు కట్టిపెట్టడం వంటివి వారికి దండ కంటే ఎక్కువ పనికివస్తాయి. కాలం చేసిన గురువు సన్న్యాసి అయితే ఆయనకు శ్రాద్ధం ఉండదు, సిద్ధి పొందిన తిథినాడు ఆరాధన చేస్తారు. ఆ తిథి ఏదో ఈ రోజే పంచాంగంలో గుర్తు పెట్టుకోండి.

పూజ ముగిసిన తరువాత

మర్నాడు ఉదయం ‘యథాస్థానం ప్రవేశయామి’ అని ఉద్వాసన చెప్పి, పీటను కొద్దిగా కదిపి తీయండి. పూలు, తులసి ఏదైనా చెట్టు మొదట్లో వేయండి, చెరువులో వేయకండి. పాదుకలను నీడలో పూర్తిగా ఆరనిచ్చి పట్టుగుడ్డలో చుట్టి దాచండి. నిమ్మపళ్ళను ఇంట్లోవారికి, పూజకు వచ్చినవారికి ప్రసాదంగా పంచాలి. బియ్యం మూటను మా అమ్మమ్మ వంటింట్లోకి తెచ్చి, ముందు చేయి కడుక్కుని, బియ్యం డబ్బా మూత తీసి, పిడికెడు పిడికెడుగా నాలుగు మూలలా చల్లి, మోచేతి దాకా చేయి పెట్టి అడుగు నుంచి పైకి కలిపేది. పూజ బియ్యం ఏవో, మామూలు బియ్యం ఏవో ఆ తరువాత ఎవరికీ తెలిసేది కాదు. పరమాన్నం ఒక్కరోజు వండితే అయిపోతుంది, ఇలా కలిపితే నెల్లాళ్ళు తింటామని చెప్పేది. మీరూ అలాగే కలపండి. నోటుపుస్తకంలో రాసుకున్న జవాబును కూడా ఆ నెల్లాళ్ళూ రోజూ పొయ్యి మీద అన్నం ఉడికే వేళకు ఒకసారి తీసి చదవండి.